టైటిల్ 1970 అంటోంది, బండి 1969 అంటోంది: పాత కమారో అసలు మోడల్ సంవత్సరం తేల్చడం ఎలా

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. డాలస్ దగ్గర ఒకాయన అమ్ముతున్న షెవ్రలే కమారో మీకు బాగా నచ్చింది. టెక్సస్ టైటిల్‌లో, అంటే బండి యాజమాన్య పత్రంలో, మోడల్ సంవత్సరం 1970 అని ఉంది. బండిని చూస్తే మాత్రం 1969 మోడల్‌లా ఉంది. డాష్ మీద విన్ (ప్రతి బండికీ కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబర్) 124379, తర్వాత ఎన్ అక్షరం, తర్వాత 69తో మొదలయ్యే ఆరు అంకెలు. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) మీది చిన్న రేకులో 10సి అని ఉంది. ఇంజిన్ బ్లాక్ వెనకవైపు 3970010 అనీ, పక్కన ఐ 18 9 అనీ పోతలో వచ్చి ఉన్నాయి. బ్లాక్ ముందువైపు వి0925, దాని వెంట రెండు అక్షరాలు, పక్కన 19ఎన్69తో మొదలయ్యే నంబర్ కొట్టి ఉన్నాయి. "ఇది 1970 మోడల్‌గా ముందే తయారైన అరుదైన బండి, అందుకే రేటు ఎక్కువ" అని అమ్మేవాయన చెబుతున్నాడు. నిజమేనా అని అడిగారు. మీ ఫ్రెండ్ దగ్గరున్న ఫోర్డ్ మస్టాంగ్ గురించి కూడా అడిగారు. దాన్ని అందరూ 1964½ అంటున్నారు, విన్ మాత్రం 5తో మొదలైంది, మోసమా అని.

ముందు మీ కమారో సంగతి. మీరిచ్చిన అంకెలు నిజమైనవైతే అది 1969 మోడల్. తయారైంది కూడా 1969 అక్టోబర్‌లోనే. దాన్ని 1970 అనడానికి ఆధారం టైటిల్ తప్ప ఇంకేమీ లేదు. అలాగని అమ్మేవాయన మోసగాడని ఇప్పుడే అనుకోవద్దు. ఆ టైటిల్ అలా రావడానికి ఒక మామూలు కారణం ఉండొచ్చు, అది కింద చెప్తాను. కానీ "1970 మోడల్" అనే పేరు మీద అడుగుతున్న అదనపు డబ్బు మాత్రం ఇవ్వొద్దు.

ఈ బండ్లలో సంవత్సరం ఎక్కడ రాసి ఉంటుందో, ఎక్కడ ఉండదో తెలియక చాలామంది తికమకపడతారు. బండి నిండా తేదీలు ఉంటాయి. బ్లాక్‌కి ఒక తేదీ, ఇంజిన్‌కి ఒకటి, బాడీకి ఒకటి, గేర్‌బాక్స్‌కి ఒకటి, ఆక్సిల్‌కి ఇంకొకటి. అవన్నీ ఆ వస్తువు ఎప్పుడు తయారైందో చెబుతాయి. కంపెనీ ఆ కారును ఏ మోడల్ సంవత్సరం కింద లెక్కగట్టిందో చెప్పేది విన్ ఒక్కటే. మిగతా తేదీలన్నీ సాక్షుల్లాంటివి. వాటి పని సంవత్సరం చెప్పడం కాదు, విన్ చెప్పిన మాట నిజమో కాదో తేల్చడం.

మీ విన్‌ని విడదీసి చూద్దాం. మొదటి 1 అంటే షెవ్రలే. 24 అంటే వి8 ఇంజిన్ కమారో, ఆరు సిలిండర్లదైతే అక్కడ 23 ఉండేది. 37 అంటే కూపే, కన్వర్టిబుల్ అయితే 67. ఆ తర్వాతి 9 మోడల్ సంవత్సరం, అంటే 1969. ఎన్ అంటే ఒహాయోలో సిన్సినాటిని ఆనుకుని ఉన్న నార్వుడ్ ఫ్యాక్టరీ. అక్కడ ఎల్ ఉంటే లాస్ ఏంజెలెస్ దగ్గరి వాన్ నైస్ ఫ్యాక్టరీ. చివరి ఆరు అంకెలు వరుస సంఖ్య. మొత్తం 13 అక్షరాలు. ఇంటర్నెట్‌లో కనిపించే ఉచిత విన్ డీకోడర్లలో చాలావాటికి ఇది ఎక్కదు, ఎందుకంటే 17 అక్షరాల పద్ధతి 1981 మోడల్ నుంచే వచ్చింది. "మీ నంబర్ చెల్లదు" అని ఏదైనా సైట్ చూపిస్తే టెన్షన్ పడకండి.

ఇక 1970 కమారో విన్ ఎలా ఉంటుందో చూడండి. 124870తో మొదలవుతుంది. సంవత్సరం అంకె 0 కావడం ఒక్కటే తేడా కాదు, బాడీ కోడ్ కూడా 37 పోయి 87 అయింది. 1970లో కమారో బాడీ పూర్తిగా మారిపోయింది కాబట్టి కోడ్ కూడా మారింది. అందుకే పాత బాడీతో, 1970 విన్‌తో షెవ్రలే కమారో అమ్మలేదు. మీరు చూసిన బండి పాత బాడీది, విన్‌లో 37, 9 ఉన్నాయి. "1970కి ముందుగా చేసినది" అనే కథకు ఇక్కడే తెరపడుతుంది.

మరి అక్టోబర్ 1969లో తయారైన బండి 1969 మోడల్ ఎలా అయిందని మీకు అనుమానం రావచ్చు. అమెరికన్ కంపెనీలు కొత్త మోడల్‌ని మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్లలో మొదలుపెట్టేవి. కమారో మొదటిసారి షోరూముల్లోకి వచ్చింది 1966 సెప్టెంబర్ చివర్లో, 1967 మోడల్‌గా. ఆ లెక్కన 1969 అక్టోబర్‌లో 1970 మోడల్ తయారవుతూ ఉండాలి. మిగతా షెవ్రలే బండ్లలో చాలావాటికి అలాగే జరిగింది. కమారోకి మాత్రం కొత్త బాడీ సమయానికి సిద్ధం కాలేదు. కొత్త కమారో చివరికి 1970 ఫిబ్రవరి 26న విడుదలైంది. అందాకా షోరూములు ఖాళీగా ఉండకుండా 1969 మోడల్‌నే నవంబర్ దాకా తయారు చేస్తూ పోయారు. ఒకే మోడల్‌కి రెండు అక్టోబర్లు వచ్చాయన్నమాట.

దీనివల్లే మీ రేకు మీది 10సి ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. దాన్ని ట్రిమ్ ట్యాగ్ అంటారు, కొందరు కౌల్ ట్యాగ్ అంటారు. అందులో 10 అంటే పదో నెల, సి అంటే మూడో వారం. అక్టోబర్ మూడో వారంలో బాడీ తయారైంది. కానీ ఏ అక్టోబర్? 1968దా, 1969దా? రేకు మీద ఎస్‌టి అని ఉండి పక్కన 69 ఉంటుంది, అది మోడల్ సంవత్సరమే గానీ క్యాలెండర్ సంవత్సరం కాదు. ఇక్కడ విన్ చివరి ఆరు అంకెలు అక్కరకొస్తాయి. నార్వుడ్‌లో 1969 మోడల్ వరుస 500001తో మొదలై 711922 దగ్గర ఆగింది. మీ బండి వరుస సంఖ్య 69తో మొదలైంది, అంటే వరుస చివరికి బాగా దగ్గర. కాబట్టి అది రెండో అక్టోబర్, 1969ది. అదే 10సి రేకుతో వరుస సంఖ్య 52తోనో 53తోనో మొదలైతే 1968 అక్టోబర్ అని చెప్పేవాణ్ణి. ఒకవేళ వరుస సంఖ్య 60తో మొదలై రేకు మీద అక్టోబర్ ఉంటే అప్పుడు నిజంగా అనుమానించాలి, ఎందుకంటే ఆ నంబర్లు రెండు అక్టోబర్లకీ మధ్యలో పడతాయి. అప్పుడు రేకో, విన్నో, ఏదో ఒకటి వేరే బండిది.

టైటిల్‌లో 1970 ఎందుకు పడిందంటే, ఈ చివరి బండ్లలో కొన్ని డీలర్ దగ్గర నిలిచిపోయి 1970లో అమ్ముడుపోయి ఉంటాయి. కొన్న తేదీ చూసి ఆఫీసులో 1970 అని రాసేస్తే అది అలాగే ఒక టైటిల్ నుంచి ఇంకో టైటిల్‌కి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కాపీ అవుతూ వస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకి బడిలో మాస్టారు వేసిన పుట్టినతేదీ ఒకటి, అసలు పుట్టిన రోజు ఒకటి ఉంటాయి కదా, సర్టిఫికెట్ల నిండా బడి తేదీయే తిరుగుతుంది. ఇదీ అంతే. అయితే ఒక షరతు. టైటిల్‌లోని విన్, డాష్ మీది విన్ అక్షరం తేడా లేకుండా ఒకటే అయి ఉండాలి. అప్పుడే ఇది కాగితంలో తప్పు. విన్‌లోనే ఒక్క అంకె తేడా ఉన్నా ఆ బేరం అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు ఇంజిన్. ఇక్కడ రెండు రకాల అంకెలు ఉన్నాయి, వాటిని కలిపేయకూడదు. పోతలో వచ్చినవి ఉబ్బెత్తుగా ఉంటాయి, ఇనుము పోసినప్పుడే అచ్చులోంచి వస్తాయి. తర్వాత సుత్తి దెబ్బతోనో యంత్రంతోనో కొట్టినవి లోపలికి దిగి ఉంటాయి. పోత అంకెల్ని మార్చడం చాలా కష్టం. కొట్టిన అంకెల్ని అరగదీసి మళ్లీ కొట్టడం తెలిసినవాడికి పెద్ద పని కాదు.

మీ బ్లాక్ పోత నంబర్ 3970010. ఇది షెవ్రలే వాళ్లు 1969 నుంచి 1970ల చివరిదాకా వాడిన నంబర్. కాబట్టి నంబర్ చూసి "ఇది 1969 బ్లాక్" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. పక్కనున్న ఐ 18 9లో ఐ అంటే సెప్టెంబర్, 18 తేదీ, 9 సంవత్సరం చివరి అంకె. ఆ 9 అనేది 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు. పాత పికప్ ట్రక్కులోంచి తీసిన 1979 బ్లాక్‌ని కమారోలో పెట్టి "తేదీ కలిసిందండీ" అని చెప్పేవాళ్లు ఇక్కడే దొరుకుతారు.

ఆ అనుమానం తీర్చేది ముందువైపు ప్యాడ్. కుడివైపు, అంటే ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కి ముందు, బ్లాక్ మీద చదునైన చిన్న చోటు ఉంటుంది. అక్కడ వి0925 అంటే మిషిగన్‌లోని ఫ్లింట్ ఇంజిన్ ప్లాంట్‌లో సెప్టెంబర్ 25న ఇంజిన్ బిగించారని. బిగ్ బ్లాక్ (పెద్ద సైజు వి8) ఇంజిన్లైతే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా నుంచి వచ్చేవి, వాటికి వి బదులు టి ఉంటుంది. ఈ ముద్రలో సంవత్సరం ఉండదని గమనించండి, నెల, తేదీ మాత్రమే. కానీ తర్వాతి అక్షరాలు చాలా విలువైనవి. 1969 మోడల్ దాకా అక్కడ రెండు అక్షరాలు ఉండేవి. 1970 మోడల్ నుంచి మూడు అక్షరాలయ్యాయి. 1969 జెడ్28 (కమారోలో ఎక్కువ వేగం కోసం చేసిన రకం) కోసం చేసిన 302 ఇంజిన్‌కి (ఇలాంటి అంకె ఘనపు అంగుళాల్లో ఇంజిన్ సైజు) డిజెడ్, 1970 జెడ్28లోని ఎల్‌టి1 ఇంజిన్‌కి సిటిబి. మీ బండికి రెండే అక్షరాలున్నాయి కాబట్టి 1979 బ్లాక్ అనే అనుమానం చాలావరకు పోతుంది. 1970 మోడల్ ఇంజిన్ అనే వాదన కూడా దీంతో పోతుంది.

ఆ పక్కన 19ఎన్69 అనేది విన్‌లో ఒక ముక్క. 1 షెవ్రలే, 9 సంవత్సరం, ఎన్ నార్వుడ్, తర్వాత వరుస సంఖ్య. ఇది డాష్ మీది విన్‌తో చివరి అంకె దాకా కలవాలి. కలిస్తే ఆ ఇంజిన్ ఆ బండితో పుట్టినదని అర్థం, దీన్నే ఇక్కడ మ్యాచింగ్ నంబర్స్ అంటారు. 1969 చిన్న బ్లాక్ ఇంజిన్లలో ఈ ముక్క కొన్నిసార్లు ప్యాడ్ మీద కాకుండా ఆయిల్ ఫిల్టర్ దగ్గర బ్లాక్ మీద ఉంటుంది. ప్యాడ్ మీద కనబడకపోతే వెంటనే నకిలీ అనుకోకుండా అక్కడ కూడా చూడాలి.

ఇక తేదీల వరుస. బ్లాక్ పోత సెప్టెంబర్ 18. ఇంజిన్ బిగింపు సెప్టెంబర్ 25. బాడీ అక్టోబర్ మూడో వారం. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో నమ్మదగినంత ఎడం. ఇలాగే ఉండాలి. నేను ఏ బండి చూసినా మొదట కాగితం మీద రాసుకునేది ఈ వరుసే. పోత తేదీ బిగింపు తేదీకి ముందు, బిగింపు తేదీ బాడీ తేదీకి ముందు రావాలి. ఒక్కటి వెనక్కి నడిచినా, అంటే బాడీ అక్టోబర్‌లో తయారై బ్లాక్ నవంబర్‌లో పోసినదని ఉన్నా, ఆ ఇంజిన్ ఆ బండిది కాదు. దానికి ఏ వివరణా కుదరదు. ఎడం మరీ ఎక్కువైతే, నెలల తరబడి ఉంటే, అది అసాధ్యమని చెప్పలేంగానీ ఇంకా ఆధారాలు అడగాలి.

నెల అక్షరాల దగ్గర జాగ్రత్త. షెవ్రలే బ్లాక్ పోతల్లో ఏ నుంచి ఎల్ దాకా వరుసగా జనవరి నుంచి డిసెంబర్, ఐ అంటే సెప్టెంబర్. ఫోర్డ్ వాళ్లు ఐ అక్షరాన్ని వదిలేస్తారు, 1 అంకెతో కలిసిపోతుందని. వాళ్లకి హెచ్ ఆగస్టు, జె సెప్టెంబర్. క్రైస్లర్ వాళ్ల ఫెండర్ ట్యాగ్‌లో జనవరి నుంచి సెప్టెంబర్ దాకా అంకెలు, అక్టోబర్, నవంబర్, డిసెంబర్లకి ఏ, బి, సి. వీటన్నిటికంటే చిత్రమైనది మన్సీ ప్లాంట్‌లో తయారై షెవ్రలే బండ్లలోకి వచ్చిన నాలుగు గేర్ల గేర్‌బాక్స్. దాని మీద జనవరి నుంచి మే దాకా ఏ, బి, సి, డి, ఇ. తర్వాత జూన్ హెచ్, జూలై కె, ఆగస్టు ఎం, సెప్టెంబర్ పి, అక్టోబర్ ఆర్, నవంబర్ ఎస్, డిసెంబర్ టి. మీ బండికి ఫోర్ స్పీడ్ ఉందన్నారు కదా, దాని కేసు మీద పి9పి22 లాంటిది కనబడితే మొదటి పి మన్సీ ప్లాంట్, 9 సంవత్సరం, రెండో పి సెప్టెంబర్, 22 తేదీ. బ్లాక్ పట్టిక పట్టుకుని గేర్‌బాక్స్ చదివితే తప్పుడు నెల వస్తుంది. గేర్‌బాక్స్ మీద కూడా విన్ ముక్క కొట్టి ఉంటుంది, అదీ కలవాలి.

ఇంతదాకా చెప్పినదంతా ఆ అంకెలు నిజమైనవి అనుకుని చెప్పాను. ఇప్పుడు అవి నిజమో కాదో చూడాలి. మంచి 1969 కమారోకి ఉన్న గిరాకీ వల్ల ప్యాడ్ అరగదీసి కొత్త అంకెలు కొట్టడం ఈ బండ్లలో బాగా జరుగుతుంది.

ప్యాడ్‌ని మంచి టార్చ్‌తో, పైనుంచి కాకుండా పక్కనుంచి వెలుగు పడేలా చూడండి. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని చదును చేసినప్పుడు ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు పడేవి. వాటిని బ్రోచ్ మార్క్స్ అంటారు. అసలు ప్యాడ్ మీద అంకెల కింద, మధ్యలో ఆ గీతలు కనిపిస్తాయి. ప్యాడ్ అద్దంలా నున్నగా ఉన్నా, గుండ్రటి గీతలు ఉన్నా ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. ఇంజిన్ రిపేర్‌లో భాగంగా బ్లాక్ పైభాగాన్ని మళ్లీ చదును చేయించినా ఇవి పోతాయి, అది నేరమేమీ కాదు. కానీ గీతలు పోయిన ప్యాడ్ మీద అంకెలు మాత్రం నిన్న కొట్టినంత స్పష్టంగా, లోతుగా ఉంటే అవి చదును చేశాక కొట్టినవే. ఇంకో గుర్తు. వి0925 ఫ్లింట్ ఇంజిన్ ప్లాంట్‌లో పడింది, విన్ ముక్క కారు బిగించిన చోట పడింది. వేరే ఊరు, వేరే పనిముట్లు, వేరే చేతులు. ఈ రెండూ ఒకే అచ్చుతో, ఒకే లోతుతో, గీత గీసినట్టు ఒకే వరుసలో ఉంటే నేనైతే వెనకడుగు వేస్తాను.

ప్యాడ్ మురికిగా ఉంటే శాండ్‌పేపర్, వైర్ బ్రష్ అసలు వాడొద్దు. కార్బ్యురేటర్ క్లీనర్, మెత్తటి నైలాన్ బ్రష్, గుడ్డ చాలు. ఆ సన్నని గీతలు ఒక్కసారి పోతే మళ్లీ రావు, బండి విలువలో కొంత వాటితోనే పోతుంది.

డాష్ మీది విన్ రేకు చూసేటప్పుడు దాన్ని పట్టుకున్న రివెట్లు చూడండి. పువ్వు రేకుల్లా చీలిన తల ఉన్న రివెట్లు ఉండాలి, రోజెట్ రివెట్లంటారు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు పాప్ రివెట్లు ఉంటే ఆ రేకు ఎప్పుడో బయటికొచ్చింది. విన్ రేకు తీయడం, మార్చడం అమెరికాలో ఫెడరల్ నేరం, అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. అలాంటి బండి తెలియక కొన్నా పోలీసులు పట్టుకుపోతే మీ డబ్బు పోయినట్టే.

అందుకే బాడీ మీద దాచి కొట్టిన విన్ ముక్కలు చూడందే ఇంత ఖరీదైన కమారో కొనొద్దని చెప్తాను. 1968, 1969 కమారోల్లో ఇవి రెండు చోట్ల ఉంటాయి. ఒకటి విండ్‌షీల్డ్ ముందు గాలి లోపలికి వచ్చే కౌల్ ప్యానెల్ కింద, ఫైర్‌వాల్ పైభాగంలో. రెండోది ఫైర్‌వాల్ మీద హీటర్ బ్లోయర్ పెట్టె వెనక. రెంటిలోనూ 19ఎన్69తో మొదలయ్యే అదే నంబర్ ఉండాలి. మొదటిది చూడాలంటే కౌల్ ప్యానెల్ విప్పాలి, రెండోదానికి బ్లోయర్ పెట్టె కదల్చాలి. అమ్మేవాయన విప్పనివ్వకపోతే సన్నని బోర్‌స్కోప్ కెమెరా దూర్చి చూడొచ్చు, ఇప్పుడవి చవకగానే దొరుకుతున్నాయి. కొన్ని బండ్లకి ప్రమాదంలోనో తుప్పు వల్లో ఫైర్‌వాల్ మార్చి ఉంటారు. అలా మార్చి ఉంటే ముందే చెప్పాలి. చెప్పకుండా, దాచిన నంబర్ వేరే ఉంటే అది ఒక బండి రేకు, ఇంకో బండి బాడీ.

ట్రిమ్ ట్యాగ్‌ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. కొత్తగా అచ్చం అలాగే చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. రంగు, సీట్ల కోడ్, తేదీ ఏది కావాలంటే అది వేయించుకోవచ్చు. పైగా దాని మీదుండే బాడీ నంబర్‌కి విన్ వరుస సంఖ్యకి సంబంధం లేదు, అవి కలవలేదని భయపడక్కర్లేదు.

రేపు ఆయన ఇంకో మాట అనొచ్చు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. "ఇది జెడ్28" అనో "ఎస్ఎస్" (కమారోలో ఇంకో ఖరీదైన రకం) అనో అంటే విన్‌లో దానికి రుజువు ఉండదు. కమారో విన్ ఆరు సిలిండర్లా ఎనిమిదా అన్నదే చెబుతుంది. చివరి నెలల్లో నార్వుడ్‌లో తయారైన బండికి ట్రిమ్ ట్యాగ్ మీద ఎక్స్77 గానీ ఎక్స్33 గానీ ఉంటే అది జెడ్28 కోడ్. దాంతోపాటు డిజెడ్ ఇంజిన్ ఉండాలి, విన్ ముక్క కలవాలి. వీటన్నిటికంటే విలువైనది పాత కాగితం. మొదటి యజమానికి వారంటీ పుస్తకంలో అతికించి ఇచ్చిన ప్రొటెక్ట్ ఓ ప్లేట్ అనే చిన్న లోహపు రేకు దొరికితే అందులో విన్, ఇంజిన్ కోడ్, ఆక్సిల్ కోడ్ ఉంటాయి. బిల్డ్ షీట్ అయితే కొన్నిసార్లు సీటు స్ప్రింగుల మధ్యలోనో పెట్రోల్ ట్యాంక్ పైనో ఇరుక్కుని ఉంటుంది. అడిగి చూడండి.

మీ ఫ్రెండ్ మస్టాంగ్ విషయానికి వస్తే, అందులో మోసమేమీ కనబడలేదు నాకు. ఫోర్డ్ అసలు 1964½ అనే మోడల్‌ని చేయలేదు. మస్టాంగ్ తయారీ 1964 మార్చి 9న మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో మొదలైంది, ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చింది. మొదటి రోజునుంచీ ఫోర్డ్ లెక్కలో అది 1965 మోడలే. మొట్టమొదటి వరుస సంఖ్య ఉన్న మస్టాంగ్ విన్ 5ఎఫ్08ఎఫ్100001. అది కూడా 5తోనే మొదలైంది. ఇప్పుడది డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది, డెట్రాయిట్ వైపు వస్తే తప్పకుండా చూడండి. మొదటి 5 సంవత్సరం, ఎఫ్ డియర్‌బోర్న్, 08 కన్వర్టిబుల్, తర్వాతి ఎఫ్ 260 వి8 ఇంజిన్. ప్లాంట్ అక్షరం ఆర్ అయితే కాలిఫోర్నియా శాన్ హోసే, టి అయితే న్యూజెర్సీ మెటచెన్. 07 హార్డ్‌టాప్, 09 ఫాస్ట్‌బ్యాక్.

ఆ తొలి నెలల బండ్లని అభిమానులే తర్వాత 1964½ అని పిలుచుకున్నారు. ఆ పేరుకి బండి తగునో లేదో చూడాలంటే అయిదో అక్షరం చూడండి. యు, ఎఫ్, డి అయితే తొలివిడత ఇంజిన్లు: యు అంటే 170 ఆరు సిలిండర్లు, ఎఫ్ అంటే 260 వి8, డి అంటే 289లో 210 హార్స్‌పవర్‌ది. టి, సి, ఏ అయితే తర్వాతివి. ఆ తొలి బండ్లకి ఆల్టర్నేటర్ కాకుండా జెనరేటర్ ఉండేది. ఇవన్నీ కలిసినా కాగితం మీద రాయాల్సింది 1965 అనే. విన్ 4తో మొదలైన "1964 మస్టాంగ్" అని ఎవరైనా చూపిస్తే అప్పుడు భయపడాలి. ఇంకో మాట, ఆ మస్టాంగ్‌లో డాష్ మీద విన్ వెతక్కండి, ఉండదు. హుడ్ ఎత్తి డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ ఏప్రన్ పైఅంచు మీద చూడాలి, ఫెండర్‌లో చిన్న గాటు ఉన్న చోట కనబడుతుంది. డోర్ మీది రేకును మాత్రమే నమ్ముకోవద్దు, డోర్లు ఒక బండి నుంచి ఇంకో బండికి తేలిగ్గా మారిపోతాయి.

డాడ్జ్, ప్లిమత్ బండ్ల గురించి ఒక్క ముక్క. 1970 ఛాలెంజర్ విన్‌లో ఆరో అక్షరం 0 సంవత్సరం, అయిదో అక్షరం ఇంజిన్, ఆర్ అయితే 426 హెమి. విన్‌లోనే ఇంజిన్ ఉండటం వల్ల వాటిని తేల్చడం కమారో కంటే సులువు. రేడియేటర్ సపోర్ట్ మీద విన్ చివరి ఎనిమిది అక్షరాలు కొట్టి ఉంటాయి, అవి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మళ్లీ మీ బేరానికి వద్దాం. దాచిన నంబర్లు రెండూ కలిసి, ప్యాడ్ మీద బ్రోచ్ గీతలుంటే అది ఒరిజినల్ ఇంజిన్‌తో ఉన్న చివరి విడత 1969 కమారో. మంచి బండి, 1969 ధరకి కొనుక్కోండి. చివర్లో తయారైనందుకు ప్రత్యేకంగా అదనపు విలువ నేనైతే కట్టను. టైటిల్‌లో సంవత్సరం సరిచేయించే పని మాత్రం అమ్మేవాయనే తన పేరు మీద ఉండగా చేయాలి, డబ్బు చేతులు మారకముందే. టెక్సస్‌లో టైటిల్ పనులు కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో జరుగుతాయి. డాష్ విన్, ట్రిమ్ ట్యాగ్ ఫోటోలు పట్టుకుని ఆయన్ని వెళ్లమనండి, బండిని తనిఖీ చేయించమని అడిగినా అడగొచ్చు. "నువ్వు కొన్నాక మార్చుకో" అంటే ఒప్పుకోవద్దు. ఇన్సూరెన్స్ కంపెనీతో బండి విలువ ముందే ఒప్పందం చేసుకునే పాలసీ తీసుకునేటప్పుడు టైటిల్‌లో 1970, విన్‌లో 1969 ఉంటే క్లెయిమ్ రోజున ఆ తలనొప్పంతా మీకే.

ప్యాడ్ ఫోటో తీసేటప్పుడు టార్చ్‌ని పక్కనుంచి పెట్టి, అంకెలే కాకుండా వాటి చుట్టూ ఖాళీ చోటు కూడా వచ్చేలా తీయండి. గేర్‌బాక్స్ ముద్ర, బ్లోయర్ పెట్టె వెనక కనిపించే నంబర్ ఫోటోలు కూడా తోడు పెడితే మిగిలింది చూసి చెబుతాను.